కారం కథ చెప్పే మనిషి

మా ఆయనకి మాటలంటే పిచ్చి. మనుషుల కులగోత్రాలు ఆరా తీసేవాళ్లుంటారు చూడండి, ఈయన మాటలవి తీస్తారు. పేరు శ్రీహరిరావు. ఉద్యోగమంతా ఫలక్‌నుమా వైపు ఒక గవర్నమెంటు కాలేజీలో తెలుగు చెప్పారు. పెళ్లయిన కొత్తలో నేను పప్పులోకి పోపు వేస్తుంటే వెనకాల వచ్చి నిలబడి, "కమలా, పోపు అంటే ఏమిటి?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. "పోపంటే ఇప్పుడు మీ మీద పడబోయేది. పక్కకి జరగండి" అన్నాను. ఆ జవాబు ఆయనకి తెగ నచ్చేసి, మర్నాడు క్లాసులో పిల్లలకి కూడా చెప్పారట.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఇదే గోల. చేట అంటే ఏమిటి, గరిటె అంటే ఏమిటి, అసలు అత్త అంటే ఏమిటి. ఎదుటివాళ్లు తెల్లమొహం వేస్తే ఆయనే జవాబు చెప్పేవారు. తెలిసి అడగడమే ఆయన వృత్తి. అందుకే తెలియక అడగడం మొదలుపెట్టినప్పుడు మాకెవరికీ తేడా తెలియలేదు.

మాది తెనాలి దగ్గర. నాకు ట్రెజరీలో, ఆయనకి కాలేజీలో ఉద్యోగాలొచ్చి హైదరాబాదు చేరాం. మనవాళ్లంతా దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇళ్లు కొనుక్కుంటుంటే, ఈయన కాలేజీకి నడిచి పోవచ్చని పాతబస్తీలోని జహనుమాలో కొన్నారు. చుట్టాలు నోరెళ్లబెట్టారు. నేనూ కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాను. తర్వాత పక్కింటి రాజమణి పరిచయమయ్యాక మూతి దానంతటదే సర్దుకుంది.

రాజమణి మొగుడు బాలనర్సింహకి బర్రెలున్నాయి. మాకు పాలు వాళ్ల దగ్గరే. వాళ్ల ఇంటికి రేకుల కప్పు, మాకు డాబా. అందుచేత ఎండాకాలం వచ్చిందంటే రెండిళ్ల మిరపకాయలూ మా డాబా మీదే ఎండుతాయి. ఇద్దరం ఆటోలో అఫ్జల్‌గంజ్ పోయి కొంటాం. ఆమెకి వరంగల్ కాయ కావాలి, నాకు గుంటూరు కాయ కావాలి. దుకాణం ముందే కీచులాట మొదలవుతుంది.

"మీ గుంటూరు కాయ ఉత్త మంటనే అక్కా. రంగు లేదు, రుచి లేదు" అంటుంది రాజమణి.

"మీ కాయ రంగే. పెళ్లికూతురికి పారాణి పెట్టుకోవడానికి పనికొస్తుంది" అంటాను నేను.

"దోనో తీఖా హై అమ్మా, దోనో లేలో" అంటాడు దుకాణం భాయ్ విసుగెత్తి, రెండూ కారమే కాబట్టి రెండూ తీసుకోమని. చివరికి రెండూ కలిపి కొని, రెండూ కలిపే పట్టిస్తాం. మరకి పట్టుకెళ్దాం అంటాను నేను, గిర్నికి తీస్కపోదాం అంటుంది ఆమె. వెళ్లేది ఒక చోటికే.

కారం ఇంటికొచ్చిన రోజు మాకో పద్ధతి ఉంది. వేడివేడి అన్నంలో కొత్త కారం, నువ్వుల నూనె కలిపి మొదటి ముద్ద మా ఆయన చేతికిస్తాం. అది నోట్లో పెట్టుకునే ముందు ఆయన కారం అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. ఒక ఏడాది ఆయన పరీక్ష పేపర్లు దిద్దడానికి వేరే ఊరు వెళ్లారు. ఆ ఏడు డబ్బాలో కారానికి పురుగు పట్టింది. డబ్బా తడిగా ఉందేమో అని నేను, సారు కథ చెప్పకపోవడం వల్లే అని రాజమణి.

"సారు కత జెప్పిన ఏడు పురుగు పట్టలే. చెప్పని ఏడు పట్టింది. ఇగ నువ్వే సమజ్ చేస్కో అక్కా" అంది. దానికి తిరుగు లేదు. ఆ తర్వాత ఎప్పుడూ కథ తప్పలేదు.

ఆ కథ నాకు కంఠతా వచ్చు. చొక్కా కాలరు సర్దుకుని మొదలుపెట్టేవారు. "కారం అనే మాటకి తల్లి సంస్కృతంలోని క్షారం. క్షారమంటే బూడిదలోంచి తీసే ఉప్పు. గుడ్డకి పెడితే మురికి వదులుతుంది, పుండుకి పెడితే ప్రాణం పోతుంది. ఆ మాట ప్రాకృతం గుమ్మం దాటేటప్పుడు నెత్తిమీద బరువు దింపుకుని ఖారం అయింది. తెలుగింట్లో అడుగుపెట్టి కారం అయింది. అప్పటికి మిరపకాయ ఈ దేశం మొహమే చూడలేదు. మన కారమంతా మిరియాలదే. సముద్రం దాటి ఓడలో ఆ కాయ వచ్చాక, దానికి మిరియం పేరే అరువిచ్చి మిరపకాయ అన్నాం. వచ్చినావిడ ఊరుకుందా? మిరియాన్ని వంటింటి మూలకి నెట్టేసి కారం పేరంతా తనే రాయించుకుంది." అక్కడ ఆగి మా ఇద్దరి వంకా చూసి, "ఇరానీ హోటల్లో టీతో తింటారే ఖారా బిస్కెట్, అది కూడా మన కారానికి పెద్దమ్మ కొడుకే" అని ముద్ద నోట్లో పెట్టుకునేవారు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, "భేష్, తల్లి పేరు నిలబెట్టింది" అనేవారు.

ఇలాంటి మనిషి ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, "కమలా, దోసకాయ అంటే ఏమిటి?" అన్నారు. నేను మామూలుగానే, "మీరే చెప్పండి మాస్టారూ" అన్నాను. ఆయన చెప్పలేదు. నవ్వి ఊరుకున్నారు. ఇంకోరోజు తాళంచెవి అంటే ఏమిటన్నారు. మా అమ్మాయి మైథిలి వచ్చినప్పుడు దువ్వెన అంటే ఏమిటన్నారు. మైథిలి ఉండేది మలక్‌పేటలో, బ్యాంకులో పని. పాపం అది ఫోన్లో వెతికి మరీ దువ్వెనకి పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "బాగుందమ్మా. ఇంతకీ దువ్వెన అంటే?" అన్నారు. అప్పుడు మైథిలి నా వంక చూసింది. నేను దాని వంక చూడలేదు.

మలక్‌పేటలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆ డాక్టరు ఒక్కో బొమ్మా చూపించి పేరడిగాడు. కత్తెర బొమ్మ చూసి ఈయన, "ఇది ఇంట్లో వాడుతుంటామండీ, ఆడవాళ్లు ఎక్కువగా వాడతారు" అన్నారు మర్యాదగా. గొడుగు చూసి కూడా అదే అన్నారు. నాకు ఆ డాక్టరు మీద మండుకొచ్చింది. అంత చదువుకున్న మనిషికి ఒకటో క్లాసు బొమ్మలు చూపిస్తే ఏం చెబుతాడు?

"మీరు అడిగే పద్ధతి బాలేదు డాక్టరుగారూ. కారం అనే మాట ఎలా పుట్టిందో అడగండి" అన్నాను.

అడిగాడు. మా ఆయన కాలరు సర్దుకున్నారు. క్షారం దగ్గర మొదలుపెట్టి ఖారా బిస్కెట్ దాకా ఒక్క పొల్లు పోకుండా చెప్పారు. డాక్టరు చేతులు కట్టుకుని విన్నాడు. నేను యుద్ధం గెలిచినదాన్లా కూర్చున్నాను.

డాక్టరు తన టిఫిను డబ్బా తెరిచి, పెరుగన్నం పక్కనున్న ఊరమిరపకాయ తీసి బల్లమీద కాగితంలో పెట్టాడు. "ఇదేమిటండీ?" అన్నాడు.

ఆయన వంగి చాలాసేపు చూశారు. "ఎండిపోయింది. ఏదైనా పురుగా?" అన్నారు.

"తినేదేనండీ. కారంగా ఉంటుంది."

"కారం అంటే ఏమిటి?" అన్నారు మా ఆయన. అదే గొంతు. క్లాసులో అడిగే గొంతు. ఎప్పట్లాగే ఆయనే జవాబు చెబుతారని నేను ఎదురు చూశాను. చెప్పలేదు.

డాక్టరు నన్నూ మైథిలినీ బయటికి పిలిచి చెప్పాడు. "పాఠం నోటికి అలవాటైపోయింది కాబట్టి వస్తోందమ్మా. దాని వెనకాల ఉండాల్సిన అర్థం చెరిగిపోయింది. ఒక్కో మాటా ఇలాగే ఖాళీ అవుతుంది. కొన్నాళ్లకి పాఠం కూడా పోతుంది. దీనికి మందు లేదు."

"మరి మేమేం చెయ్యాలి?"

"దగ్గరుండి చూసుకోవడమే."

"ఇన్నేళ్లూ దగ్గరే ఉన్నాం కదండీ" అన్నాను కోపంగా.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. రోజూ పొద్దున కూరల బుట్ట ముందేసుకుని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. ఇది వంకాయ, ఇది చిక్కుడుకాయ. బుద్ధిమంతుడైన పిల్లాడిలా వల్లె వేసేవారు. సాయంత్రానికి వంకాయ మళ్లీ కొత్తదే. ఎంతమందికి పాఠాలు చెప్పిన నోరు అది. ఒక్కోసారి దుఃఖం తన్నుకొచ్చి విసుక్కునేదాన్ని, వెంటనే సిగ్గేసి ఆయనకి ఇష్టమైన పెసరట్టు వేసేదాన్ని. పెసరట్టు అంటే ఏమిటని అడుగుతూనే తినేవారు.

నా ఆశంతా ఎండాకాలం మీద పెట్టుకున్నాను. మిగతా మాటలన్నీ పోతే పోనీ, కారం కథ ఒక్కటీ ఉంటే చాలు. కొత్త కారం పళ్లెం ముందు, రాజమణి ఎదురుగా, ఆ కథ చెప్పారంటే ఆయన ఇంకా మాకు మిగిలినట్టే. మైథిలితో అన్నాను కూడా.

"డాక్టరు చెప్పాడు కదమ్మా, అది వట్టి పాఠం. చెప్పినా చెప్పకపోయినా ఒకటే" అంది.

"నీకు ఒకటేమో. నాకు కాదు" అన్నాను.

ఈ ఏడు కూడా మిరపకాయలు డాబా మీద పోశాం. ఎండ చిటపటలాడుతోంది. తొడిమలు తీయడానికి నీడపట్టున నేనూ రాజమణీ కూర్చుంటే, ఆయనా వచ్చి కూర్చున్నారు. ప్రతి ఏడూ కూర్చుంటారు. మేము చేసేది చూసి ఆయనా తీయసాగారు. కాకపోతే తొడిమలు బుట్టలో వేస్తున్నారు, కాయలు చెత్తలో వేస్తున్నారు. రాజమణి ఆయన ముందున్న బుట్టనీ చెత్తచేటనీ అటుదిటూ ఇటుదటూ మార్చేసి తన పనిలో తానుంది. నేను చూడనట్టే ఉన్నాను.

"అక్కా, సారు కత జెప్తడు కదా?" అంది మెల్లగా, మెట్లు దిగేటప్పుడు.

"ఎందుకు చెప్పరు? మొన్న డాక్టరు దగ్గర గడగడా చెప్పారు" అన్నాను. ఆ మొన్న అనేది చలికాలం మాట. ఈ మధ్య నేను అడగలేదు. అడిగితే ఏమవుతుందోనని భయం.

గిర్ని నుంచి డబ్బాలు వచ్చాయి. వీధి వీధంతా తుమ్ముతోంది. అన్నం వార్చి, పళ్లెంలో వేడన్నం పెట్టి, పక్కన కొత్త కారం కుప్పగా పోసి, నువ్వుల నూనె గిన్నె పెట్టాను. ఆయనకి ఉతికిన చొక్కా తొడిగాను. కాలరు ఉంటే సర్దుకుంటారని. రాజమణి కొంగు నడుముకి దోపుకుని ఎదురుగా కింద కూర్చుంది.

"సారూ, కత జెప్పుండ్రి. జెప్పకుంటే కారం పాడైతది" అంది.

"ఏ కథ?" అన్నారు నవ్వుతూ.

"కారం కథండీ" అన్నాను.

చెయ్యి కాలరు మీదికి పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "కారం అనే మాటకి..." అన్నారు. ఆగారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన పళ్లెం వంక చూశారు, నా వంక చూశారు.

"తల్లి" అన్నాను నేను అందిస్తూ.

"తల్లి" అన్నారు.

"సంస్కృతంలోని క్షారం."

"సంస్కృతంలోని క్షారం" అన్నారు, తర్వాతి ముక్క కోసం నా నోటి వంకే చూస్తూ. కూరల బుట్ట ముందు కూర్చున్నప్పుడు ఎలా చూసేవారో అలా. నాకు తర్వాతి ముక్క అందివ్వడానికి నోరు రాలేదు.

మేమిద్దరం అలా ఉండిపోవడం చూసి ఆయనకేమనిపించిందో, ఏదో ఒకటి చేసి మమ్మల్ని సంతోషపెట్టాలనుకున్నారు కాబోలు, పళ్లెంలో చెయ్యి పెట్టారు. అన్నం వైపు కాదు. ఆ ఎర్రటి కుప్పని గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నారు.

"సారూ!" అని రాజమణి కేక వేసింది. నేను లేచేసరికే అది లోపలికి పోయింది.

ఆయన మొహం కందగడ్డయింది. దగ్గు, కళ్లవెంట ముక్కువెంట నీళ్లు. ఉమ్మెయ్యాలని కూడా తోచలేదు. రెండు చేతులూ నా వైపు చాచి, "కమలా, ఏమిటిది? నోట్లో ఏమవుతోంది?" అన్నారు.

"కారమండీ, ఉమ్మెయ్యండి, ఉమ్మెయ్యండి!"

"కారం అంటే ఏమిటి?"

"మంటండీ, మంట!"

"మంట అంటే ఏమిటి?"

ఏం చెప్పను? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కారం తిన్నదాన్ని. ఆయన నోట్లో జరుగుతున్నదాని పేరేమిటో ఆయనకి చెప్పలేకపోయాను. ఇంతలో ఆ కారం చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు వచ్చిన అరుపు నేనెప్పుడూ వినలేదు. ఏ దెబ్బ ఎటునుంచి పడుతోందో తెలియని మనిషి అరుపు అది.

రాజమణి వాళ్లింటికి పరుగెత్తి పచ్చిపాలు క్యాను పట్టుకొచ్చింది. నేను తల పట్టుకుని మొహం కడిగాను, కళ్లమీద చల్లటి నీళ్లు కొట్టాను. ఆమె పాలు పుక్కిలింపజేసింది. "ఉమ్ము సారూ, గట్ల, గట్లనే. ఏం గాదు. మళ్లొక్కసారి" అంటూ. బెల్లంముక్క పెడితే చప్పరించారు. చాలాసేపటికి ఊపిరి తిన్నగా అయింది. చొక్కా అంతా పాలు, ఎర్రటి మరకలు.

"నేనేమైనా తప్పు చేశానా?" అన్నారు.

"లేదండీ. మీరేం తప్పు చెయ్యలేదు."

"మరి ఎవరు కొట్టారు నన్ను?"

రాజమణి వెనక్కి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. కాస్త తేరుకున్నాక నా పక్కనొచ్చి కూర్చుని, "అక్కా, కత జెప్పకుంటే పురుగు పడ్తదని నేనే అన్న. గది ఉత్తమాటక్కా. డబ్బా తడిగుండెనేమో నువ్వన్నట్టు. ఏం ఫికర్ జెయ్యకు. సారును పరేషాన్ జెయ్యొద్దింక" అంది. ఇన్నేళ్లలో నాతో వాదనలో ఆమె ఓడిపోవడం అదే మొదలు. ఆ ఓటమి నాకు అక్కర్లేదు. డబ్బాలన్నీ పురుగు పట్టిపోయినా సరే, ఆమె మాటే నిజం కావాలి, ఆయన కథ చెప్పాలి.

అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారి తెగింది. పళ్లెం ముందు కూర్చుని భోరున ఏడ్చాను. ఆయన కుర్చీలోంచి వంగి చూశారు. ఎర్రబడ్డ కళ్లు, వాచిన పెదవులు. ఆ కళ్లలో నామీద జాలి మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఎందుకేడుస్తున్నావు కమలా?"

"కారమండీ" అన్నాను.

"కారం అంటే ఏమిటి?"

అర్థం నేను చెప్పలేను. అది ఇందాకే తేలిపోయింది. నాకు వచ్చింది ఒక్కటే. ముక్కు తుడుచుకుని మొదలుపెట్టాను. కారం అనే మాటకి తల్లి సంస్కృతంలోని క్షారం. బూడిదలోంచి తీసే ఉప్పు. గుడ్డకి పెడితే మురికి వదులుతుంది, పుండుకి పెడితే ప్రాణం పోతుంది. ప్రాకృతం గుమ్మం, తెలుగిల్లు, మిరియాలు, ఓడ, అరువు పేరు. ఆయన ఎక్కడ ఆగేవారో అక్కడ ఆగాను, ఎక్కడ నవ్వేవారో అక్కడ నవ్వడానికి ప్రయత్నించాను. రాజమణి తల వంచుకుని వింటోంది. ఖారా బిస్కెట్ పెద్దమ్మ కొడుకు దాకా వచ్చి ముగించాను.

ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా విన్నారు. బాగా చదివే పిల్లలు ముందు బెంచీలో కూర్చుని వినేది అలాగే అని ఆయనే ఒకప్పుడు చెప్పేవారు.

"ఎంత బాగుందో! ఎవరు చెప్పారు నీకు ఇదంతా?" అన్నారు.

"మా ఇంట్లో ఒక మాస్టారు ఉన్నారండీ."

"అలాగా. ఈసారి ఆయన చెప్పేటప్పుడు నన్నూ పిలు. నేనూ వింటాను" అన్నారు.

"అలాగే పిలుస్తానండీ" అన్నాను.